మెడ పందెం

"వెనకనుంచి చప్పుడు రావడానికి ఇంత ధరా?" అన్నాడు మామగారు, సోఫా వెనక గోడకు టెక్నీషియన్ బిగిస్తున్న రెండు చిన్న డబ్బాలను చూస్తూ. "మా షాపులో ఒక పూట కూర్చో అల్లుడూ. నాలుగు వైపులనుంచీ అరుపులే. ఒక్కదానికీ నేను డబ్బివ్వను."

మామగారిది కాటాల షాపు. కాటా ఎక్కని వస్తువును ఆయన నలభై ఏళ్లుగా నమ్మలేదు. చప్పుడు కాటా ఎక్కదు. కాబట్టి ఆయన లెక్కలో హోమ్ థియేటర్ అంటే గాలిని మూటగట్టి అమ్మడమే.

అల్లుడు మాత్రం గాల్లో తేలుతున్నాడు. టీవీ పక్కన మూడు స్పీకర్లు, మూలన గుమ్మడికాయంత గొంతున్న పెట్టె ఒకటి, వెనక గోడకు రెండు. నచ్చకపోతే సాయంత్రంలోగా వాపసు తీసుకుంటామని షాపువాళ్లు మాటిచ్చారు. అత్తగారూ కూతురూ బజారుకు వెళ్లారు. వాళ్లు వచ్చేలోపు సెట్టు ఉంటుందో ఊడుతుందో తేలిపోవాలి.

"ఇంట్లో దొంగ దూరే సినిమా పెడతాను మావయ్యా. అరగంట చాలు. మీరు ఉలిక్కిపడి వెనక్కి తిరక్కపోతే నన్నడగండి."

"తిరక్కపోతే?"

"సెట్టు వాపసు. పైగా ఏడాదిపాటు ఆదివారం ఆదివారం మీ షాపుకొచ్చి కాటాలు తుడుస్తాను."

మామగారి కళ్లు మెరిశాయి. యాభై రెండు ఆదివారాలు. జీతం లేని మనిషి. చదువుకున్నవాడు కూడాను.

"తిరిగితే?"

"సెట్టు ఇక్కడే. డబ్బు మీది."

"సరే. ఒక్క షరతు. నువ్వు కూడా తిరక్కూడదు. తిరిగావంటే నన్ను తిప్పడానికి వేసిన ఎత్తే అనుకుంటా. నువ్వు ఓడినట్టే."

"అబ్బో! ఎంతైనా వ్యాపారస్తులు!"

"మరి? కాటాలమ్మేవాడికి ముల్లు ఎటు వాలుతుందో తెలీదా?"

ఈ బేరం విని టెక్నీషియన్ నవ్వుకుంటూ నిచ్చెన దిగాడు. ఒక పాట పెట్టి వినిపించాడు. "ఇప్పుడే వస్తాను సార్," అని తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు.

"టీకి పోయుంటాడు. డబ్బాలన్నీ బిగించేశాడుగా, మనం మొదలెడదాం," అన్నాడు అల్లుడు.

"కానీ, కానీ. వాడొస్తే కూలి అడుగుతాడు."

పరదాలు లాగారు. లైట్లు ఆర్పారు. అరగంటకు ఫోన్‌లో అలారం పెట్టారు. మామగారు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మెడలో మేకు దిగ్గొట్టినట్టు కూర్చున్నాడు.

తెర మీద వాన. ఉరుము ఉరిమితే మామగారి పొట్ట అదిరింది. వెనకనుంచి మాత్రం చడీచప్పుడూ లేదు.

"ఏదయ్యా నీ వెనక సరుకు?"

"ఓపిక పట్టండి. అవసరమైనప్పుడే వస్తుంది."

తెర మీద ముసుగు దొంగ కిటికీ మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే వెనక తలుపు కిర్రుమంది.

మామగారి వీపు మీద చీమలు పాకాయి. మెడ కదల్లేదు.

మెత్తటి అడుగులు. ఎడమనుంచి కుడికి. సోఫా వెనక కాస్త ఆగాయి. మళ్లీ కదిలాయి.

"విన్నారా?" అల్లుడు ఆయన మోకాలు గిల్లాడు. "మనల్ని దాటుకుని నడిచాడు!"

"విన్నాను. తిరగను."

బీరువా తలుపు తెరుచుకుంది. తాళాల గుత్తి గలగలమంది. ఏదో డబ్బా దొర్లి, చటుక్కున ఆగింది. ఆ తర్వాత ఒక తుమ్ము.

"దొంగకు జలుబు కూడా పెట్టారు మావయ్యా!"

మామగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వితే ఓడినట్టని షరతులో లేదు. నవ్వుతున్నంతసేపూ మెడ మాత్రం నిటారుగానే ఉంది.

ఆ తర్వాత ఆయనకు ఊపొచ్చింది. "ఇప్పుడు సొరుగు లాగుతాడు చూడు," అన్నాడు. వెనక సొరుగు లాగిన చప్పుడు. "చెప్పానా!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "ఇక మూట కడతాడు!" గుడ్డ బరబరా లాగిన చప్పుడు. "కట్టాడా లేదా?" ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు, చూపులు తెర మీదే ఉంచి.

బయట స్కూటర్‌ను ఎవరో తన్నారు. మూడు తన్నులకు గానీ స్టార్టవ్వలేదు. దొంగకు కూడా తన దానిలాంటి ముసలి బండే ఇచ్చారని మామగారికి ముచ్చటేసింది. ఆ చప్పుడు వీధి చివరిదాకా వెళ్లి, మలుపు తిరిగి, సన్నగిల్లిపోయింది.

"అదేంటి, బొమ్మలో దొంగ ఇంకా మెట్లెక్కుతున్నాడు?"

"చప్పుడు ముందు, బొమ్మ వెనక. కొత్త పద్ధతి మావయ్యా!"

అలారం మోగింది. మామగారు రెండు చేతులూ పైకెత్తి కేకేశాడు. "గెలిచాను! వెంట్రుకవాసి తిరగలేదు!"

అల్లుడి ముఖం వాడిపోయింది. "సెట్టు విప్పమంటాను. ఆదివారం ఎన్నింటికి రమ్మంటారు?"

"తొమ్మిదింటికి. సెట్టు మాత్రం ఉండనీ."

"అదేంటి, గెలిచారుగా?"

"పందెం పందెమే, సరుకు సరుకే. ముందున్నవాటికి నేను పెద్దగా విలువ కట్టను. ఆ వెనక రెండూ ఉన్నాయి చూడు, వాటికి ఎంత పోసినా నష్టం లేదు. మనింట్లోనే తిరిగినట్టుందయ్యా!"

అల్లుడు ఎగిరి ఆయన్ని కావలించుకున్నాడు. ఇద్దరూ సోఫాలోనే ఊగిపోతున్నారు.

అంతలో టెక్నీషియన్ రొప్పుతూ వచ్చి, చేతిలోని వైరు చుట్ట చూపిస్తూ వాళ్ల ముందు నిలబడి, "లేటైంది సార్, వైరు చాలక షాపుదాకా పోయొచ్చాను, ఇప్పుడు వెనక స్పీకర్లు రెండిటికీ కనెక్షనిస్తాను, అప్పుడు వినండి అసలు మజా!" అన్నాడు.