తుప్పు వదిలింది

“నా వెనిగర్ సీసా మళ్ళీ ఖాళీ! ఈ ఇంట్లో దాన్ని తాగుతున్నదెవరు?” అత్తగారు వంటింట్లోంచి కేకేసింది.

పెరట్లో బకెట్ ముందు గొంతుక్కూర్చున్న అల్లుడు తలెత్తాడు. “నేనే వాడాను అత్తయ్యగారూ. ఇదే మొదటిసారి.”

“మరి అంతకుముందువి?”

అది ఆలోచించే తీరిక అతనికెక్కడిది? వెనిగర్ పోసిన బకెట్లో మామగారి రంపం, బాడిస, నాలుగు ఉలులు నానుతున్నాయి. వడ్రంగి పని మానేసిన మామగారు వాటిని మూలన పడేస్తే ఎర్రగా తుప్పు పట్టాయి. ఆయన బయటినుంచి వచ్చేలోగా వాటిని తళతళలాడించి, ఆయన నోట ఒక్క ‘శభాష్’ అనిపించుకోవాలి. మేకు కొట్టడం రాని అల్లుడన్న పేరు ఈ రోజుతో పోవాలి.

“ఆసిడ్ అక్కర్లేదు అత్తయ్యగారూ. చేతులు కాలవు, వాసనా ఉండదు. నానబెట్టి, రుద్ది, వంటసోడా నీళ్ళతో కడిగి నూనె రాయడమే. వీడియోలో చూశాను.”

“వాసన ఉండదూ? ముక్కు పగిలిపోతోంది!”

సాయంత్రానికి ఉలిలో అతని మొహం అతనికే కనబడింది. ఆ ముచ్చట పట్టలేక, ఫోటో తీసి వీధివాళ్ళ ఫోన్ గ్రూపులో పెట్టాడు: ‘మా మామగారి పనిముట్లు. కొత్తవి కూడా వీటి ముందు దిగదుడుపే!’ చప్పట్ల బొమ్మలు వరస కట్టాయి.

అంతలో మామగారు వచ్చారు. బల్ల మీది మెరుపు చూసి నిలువునా కొయ్యబారిపోయారు.

“ఎవరు చేశారిది?”

“నేనే మామయ్యగారూ!” అల్లుడు ఛాతీ విరిచాడు.

“ఎవరూ చూడలేదు కదా?”

“భలేవారే! వీధంతా చూసింది. ఫోటో పెట్టాగా!”

ఎదురింటాయన అప్పుడే గేటు తోసుకొచ్చాడు, ఇకిలిస్తూ. “రంపం ఒక్క పూట ఇస్తారా? మొన్న అడిగితే తుప్పు పట్టిందన్నారు.” ఆయన వెనకాల పై వాటా ఆయన. బాడిస కావాలట. వాళ్ళ వెనకాల ఇంకెవరో చెప్పులు విప్పుతున్నారు.

మామగారు మెట్టు మీద కూలబడి, అల్లుడి చెవి దగ్గర పళ్ళు నూరారు.

“అరువడిగేవాళ్ళ బాధ పడలేక, ఉప్పూ వెనిగరూ పూసి మరీ తుప్పు పట్టించుకున్నానయ్యా! మూడు సీసాలు పట్టాయి!”