ఖాళీ సీటు

పొద్దుగూకాక కరెంటు పోయింది. నా కొడుకు దయాకర్ లాంతరు వెలుగులో కారు ముందు చక్రం ఊడదీసి, కొత్త బ్రేకు ప్యాడ్లు వేస్తున్నాడు. తెల్లవారుజామున రాజమండ్రి కిరాయి ఉంది.

బ్రేకు ముందుకూ వెనక్కూ జారే బోల్టులకు రాయమని కొబ్బరినూనె ఇవ్వబోయాను.

"వద్దమ్మా, చలికి గడ్డకట్టుద్ది. నాన్న రాసింది అదే కదా!"

నిరుడు జనవరిలో బ్రేకు పట్టక, ఈ కారుతోనే కాలవలో పడి చనిపోయారాయన.

వాడు గ్రీజు రాసి బోల్టులు బిగించాడు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు తెద్దామని నేను లోపలికి వెళ్ళాను. చెంబుతో అరుగు మీదికి వచ్చేసరికి, చక్రం దగ్గర వంగి మాట్లాడుతున్నాడు.

"బ్రేకు మెల్లగా తొక్కమ్మా. ఆయ్, పట్టింది. ఇంక వదులు. వదలవేంటి, కాలికి మేకు కొట్టేరా?"

"నేనిక్కడున్నానురా."

వాడు తల తిప్పి నన్ను చూశాడు. ఇద్దరం వెళ్ళి కారు తలుపు తీశాం. సీటు ఖాళీగా ఉంది. బ్రేకు పెడలు మాత్రం కిందికి అణిగి ఉంది.

భయం కన్నా ముందు నాకు కడుపు మండింది.

"ఆ రోజు పట్టని బ్రేకు ఇప్పుడు మీ కాలికి పట్టిందా? వీణ్ణి ఆపడానికొచ్చేరా అండీ, తీసుకుపోవడానికొచ్చేరా?"

పెడలు మెల్లగా పైకి లేచింది.