చావనన్న తోక

ఎండాకాలపు కుంటలో ఇంకా తోక ఊడని కప్పపిల్ల ఒకటి ఉండేది. దాని ఒళ్లంతా ఒకే కణం చీలి చీలి పెరిగిన సంసారం. ఆ సంతానంలో కొన్ని కళ్లయ్యాయి, కొన్ని కాళ్లయ్యాయి, కొన్ని తోకయ్యాయి.

కుంట ఇంకిపోసాగింది. గట్టెక్కాలంటే గెంతాలి, గెంతాలంటే తోక పోవాలి. తోకలోని కణాలు మారుమాట లేకుండా కరిగిపోసాగాయి. కొసనున్న ఒక కణం మాత్రం మొండికేసింది.

"ఇన్నాళ్లూ ఈదించింది నేను. నిన్న మొలిచిన కాళ్ల కోసం నేను చావాలా?"

"మన పని అయిపోయిందక్కా, పోదాం రా," అంది పక్క కణం.

"నువ్వు పోవే త్యాగమూర్తీ! నేను వంశం పెంచుకుంటాను."

అన్నట్టే అది ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతూనే పోయింది. తోక సొరకాయలా లావెక్కింది.

"బరువక్కా! గెంతలేకపోతున్నాం," అని కాళ్లు మొత్తుకున్నాయి.

"చేతకానివాళ్లకు సాకులెక్కువ," అని ఆ కణం మూతి తిప్పుకుంది.

కుంట ఎండింది, కొంగ వచ్చింది. కప్పపిల్లను ఎక్కడ పట్టుకోవాలో దానికి వెతుక్కునే పని లేకపోయింది. తోక పట్టి పైకెత్తింది.

"చూశారా! ఇంత ఒంట్లో ఆవిడ ముందు గుర్తించింది నన్నే," అంది ఆ కణం, కొంగ గొంతులోకి జారిపోతూ.