భోజనవేళ ఈల

“ఇది మోసం కాకపోతే మరేంటి?”

తమ్ముడి చెవివైపు వేలు చూపించి అరిచాడు అన్న. వినికిడి మిషన్లు అమ్మే షాపతను కళ్ళజోడు సవరించుకున్నాడు.

“ఏమైందండీ?”

“ఈల వేస్తోంది. చెవిలో పెట్టుకునే అచ్చు రెండుసార్లు మార్చి ఇచ్చారు. అయినా వేస్తోంది. మిమ్మల్ని నమ్మి వచ్చాను. నమ్మినవాణ్ణి ముంచడం అంత తేలికైపోయిందా?”

పక్క కుర్చీలో తమ్ముడు ఇబ్బందిగా కదిలాడు.

“పోనీలే అన్నయ్యా. నాకు అలవాటైపోయింది. వెళ్దాం పద.”

“నువ్వూరుకో. నీకు నోరు లేదనే అందరూ ఇలా ఆడుకుంటున్నారు.”

అంతకుముందు రెండుసార్లూ తమ్ముడు ఒక్కడే వచ్చాడు. నువ్వు పని మానుకోవద్దు అన్నయ్యా అని తనే అన్నాడు. ఈసారి అన్న వినలేదు. బీరువాలు చేసే షెడ్డుకు తాళం వేసి మరీ వెంటబెట్టుకొచ్చాడు.

ఆ షెడ్డులోనే తమ్ముడి చెవులు పోయాయి. చదువు అబ్బలేదని అన్నే చేతికి సుత్తి ఇచ్చాడు. ఏళ్ళ తరబడి ఇనప రేకుల మీద దెబ్బలు. ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోది ఈ మిషను ఉంటేనే పనిచేస్తుంది. అన్న ఆ పాపం తనదేనని లోలోపల కుమిలిపోయేవాడు.

అందుకే మిషను బాగోగులు తనే చూసేవాడు. పొద్దున్నే అచ్చును, దాని గొట్టాన్ని ఊడదీసి గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగేవాడు. గొట్టంలో చుక్క నీరు మిగలకుండా రబ్బరు బుడ్డితో గాలి కొట్టేవాడు. చెవి వెనక ఉండే మిషనుకు మాత్రం తడి తగలనిచ్చేవాడు కాదు. దానికి పొడిగుడ్డే. కొత్త బ్యాటరీ అయితే స్టిక్కరు పీకి, కాసేపు గాలి తగలనిచ్చి, అప్పుడు వేసేవాడు.

“కొడుకంటూ ఉంటే వాడి ముక్కు కూడా ఇంత శ్రద్ధగా తుడిచేవారు కాదు” అని భార్య ఎత్తిపొడిచేది.

“ఎప్పుడు మోగుతుంది?” అడిగాడు షాపతను.

“అన్నం తినేటప్పుడు.” తమ్ముడే చెప్పాడు, అన్న నోరు తెరిచేలోపే. “నమిలితే దవడ కదిలి అచ్చు వదులవుతోంది.”

నిజమే. పనిలో ఉండగా ఎప్పుడూ మోగలేదు. షెడ్డు ఖాళీగా వదలకూడదని మధ్యాహ్నం ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు తింటారు. చిన్నవాడు ఆకలికి ఆగలేడని అతన్నే ముందు పంపుతాడు అన్న. ఇల్లు షెడ్డు పైనే. గ్రైండింగు ఆపిన క్షణంలో మేడ కిటికీలోంచి సన్నగా ఈల దిగివస్తుంది. ఒకరోజు ఆగి ఆగి. ఒకరోజు గుక్క తిప్పుకోకుండా.

భార్యకూ ఆ ఈల గిట్టేది కాదు.

“భోజనానికి వచ్చేటప్పుడైనా ఆ మిషను తీసి కింద పెట్టి రమ్మనండి మీ తమ్ముణ్ణి. దాని గోల పడలేకపోతున్నా.”

తమ్ముడు ఒప్పుకోలేదు.

“అది తీసేస్తే నువ్వు మెట్లెక్కే చప్పుడు కూడా నాకు తెలియదు అన్నయ్యా.”

ఆ మాటకు అన్న కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడు తమ్ముడికి ఒక సంబంధం వచ్చింది. చెవిటివాడని చులకన చేస్తారంటూ భార్య వద్దంది. తమ్ముడూ వద్దన్నాడు. అయినా అన్న మాట ఇచ్చేశాడు. వచ్చే ఆదివారం అమ్మాయి వాళ్ళింట్లో భోజనం.

“పిల్ల తండ్రి ఎదురుగా ముద్ద నోట్లో పెట్టుకుని వీడు ఈల వేశాడనుకోండి, ఆయన చెప్పు తీస్తాడు” అన్నాడు షాపతనితో. “ఈ సంబంధం తప్పితే మీదే పాపం.”

షాపతను నవ్వు ఆపుకుని మిషను చేతిలోకి తీసుకున్నాడు. గొట్టం వెలుతురులో పెట్టి చూశాడు. చీలిక లేదు. గుబిలి లేదు. మళ్ళీ తమ్ముడి చెవికి తగిలించి, సొరుగులోంచి బిస్కెట్లు తీసి ఇచ్చాడు.

“తినండి. మొహమాటం లేకుండా, మేక నమిలినట్టు నమలండి.”

తమ్ముడు నమిలాడు. ఈల లేదు. ఆవలించమన్నాడు. తల అటూ ఇటూ ఊపమన్నాడు. ఈల లేదు.

“అచ్చు అతికినట్టుంది సార్. వెంట్రుకంత సందు కూడా లేదు.”

“అయితే నా చెవులు అబద్ధం చెబుతున్నాయా? కింద షెడ్డులో ఉన్నవాడికి కూడా వినపడుతుంటే!”

షాపతను లేచి తమ్ముడి చెవికి తన అరచెయ్యి ఆనించాడు.

కుయ్యిమంది.

“అదీ! అదే ఈల!” బల్ల చరిచాడు అన్న. “ఇప్పుడేమంటారు?”

“ఇది దీని జబ్బు కాదు సార్, గుణం. ఏదైనా దగ్గరికొచ్చి ఆనుకుంటే అరుస్తుంది. తప్పుకుంటే ఊరుకుంటుంది. మీ తమ్ముడికి మొదటిరోజే చెప్పానే.”

“అన్నం తినేవాడి చెవికి ఏమొచ్చి ఆనుకుంటుందయ్యా?”

తమ్ముడు నోట్లో బిస్కెట్ మింగలేక నీళ్ళు అడిగాడు. షాపతను గ్లాసు అందించి, పెళ్ళిమాట గుర్తొచ్చి, సరదాగా అతని భుజం తట్టాడు.

“పెళ్ళయ్యాక మాత్రం ఆవిణ్ణి దగ్గరికి తీసుకునే ముందు దీన్ని తీసి పక్కన పెట్టెయ్యి బాబూ, లేకపోతే ఆవిడ చెంప తగిలినప్పుడల్లా ఇది ఇలాగే కూసి కిందున్నవాళ్ళకు కూడా చెప్పేస్తుంది.”