మళ్లీ చూడన్నా

“చీర చూస్తాండావా సాబూ, జాతకం చూస్తాండావా?”

అంగడి మెట్టు మీద కూర్చున్న ఉమారాణి విసుగ్గా అడిగింది.

లోపల కిటికీ దగ్గర, వీపు ఇటు తిప్పి కూర్చున్న నబీసాబ్ కదల్లేదు.

“వెలుతురు చాల్లేదమ్మా. కొంచెం ఆగు.”

ధర్మవరంలో గోవిందప్ప పట్టుచీరల అంగడి అది. పట్టు ఇచ్చి, మగ్గం మీదికి వార్పు, అంటే పడుగు దారాలు, ఇచ్చి, చీరలు నేయించుకుంటాడు. నేసి తెచ్చిన ప్రతి చీరనూ విప్పి తప్పులు వెదకడం నబీసాబ్ పని. వరసగా మూడు చీరలు తప్పు పడితే ఆ మగ్గానికి ఇక వార్పు ఇవ్వరు. అంగడి కట్టుబాటు అది.

మిగతావాళ్ల చీరలు నబీసాబ్ అయిదు నిమిషాల్లో చూసేస్తాడు. ఉమారాణి చీరకు మాత్రం గంట. రెండేళ్లుగా ఇదే తంతు. గంట సేపు చూసి, మడత పెట్టి, ఎప్పుడూ ఒకటే మాట.

“బాగుండాదమ్మా. కళ్లు ఒకసారి చూపించుకో.”

ఆ చివరి మాటకే ఆమెకు ఒళ్లు మండేది.

మొగుడు పోయి పన్నెండేళ్లయింది. ఇంట్లో ఆమె, మగ్గం. ఉమారాణి నేతలో తప్పుండదని ఊళ్లో అనుకునే మాట ఒక్కటే ఆమెకు మిగిలింది. దాన్నీ శంకిస్తే ఎలా?

ఆ రోజు గోవిందప్పతో గట్టిగానే అనేసింది.

“కోడిగుడ్డుకు ఈకలు పీకుతాండాడన్నా. ఇంగ నా చీర ఆయప్ప ముట్టేదానికి లేదు. ముట్టితే నేను ఇంకో అంగడికి పోతా.”

నబీసాబ్ విన్నాడు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

గోవిందప్పకు కావలసిందీ అదే. అడుగున లైట్లు వెలిగే అద్దం బల్ల ఒకటి అప్పటికే బెంగళూరు నుంచి తెప్పించి పెట్టాడు. ఇక మనిషెందుకు? నబీసాబ్‌ను మానుకోమన్నాడు.

ఆయనకూ నా అన్నవాళ్లు లేరు. పెనుకొండలో గది తీసుకున్నాడని ఎవరో చెప్పారు. ఉమారాణికి కొంచెం బాధ కలిగింది. కానీ, అబద్ధమెందుకు, సంతోషమే ఎక్కువ కలిగింది.

మొదటి చీర అద్దం బల్ల మీద పరిచారు. నాలుగు చోట్ల పోగు జారింది. వాపసు.

“యాడప్పా? నాకు కనపడలేదే! నీ బల్లే సరిగ్గా లేదు” అంది ఉమారాణి.

రెండో చీరలో అయిదు చోట్ల. ఈసారి ఆమె బల్లను తిట్టలేదు.

మూడో చీర తెచ్చిన రోజు అంగట్లో ఎవరో అంటున్నారు, నబీసాబ్ పోయాడని. జ్వరమట. మూడు రోజులు తలుపు తీయకపోతే పక్క గదివాళ్లు చూశారట.

మూడో చీరా తప్పు పడింది.

“ఇంగ నీకు వార్పు ఇయ్యలేనమ్మా” అన్నాడు గోవిందప్ప.

మగ్గం ఆగితే ఆ ఇంట్లో చప్పుడంటూ ఉండదు.

“పోయినేడు నేను నేసిన వంగపండు రంగు చీర నీ బీరువాలోనే ఉండాది కదా. దాన్ని ఈ బల్ల మీదే ఏసి మళ్లీ చూడన్నా. ఒక్క తప్పు చూపిస్తే నోరెత్తకుండా పోతా.”

గోవిందప్ప గొణుక్కుంటూనే తీసి పరిచాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

“తప్పు లేదు.”

“చెప్తి కదా!”

“ఆగమ్మా.” చీరను తిరగేశాడు. భూతద్దం పెట్టి వంగాడు. “ఈడ వేలు పెట్టి చూడు.”

ఆమె కళ్లకు ఏమీ కనిపించలేదు. వేలికి మాత్రం ఆవగింజంత గట్టిగా తగిలింది. జానెడు అవతల ఇంకొకటి. అంచు పక్కన మరొకటి. మొత్తం ఏడు.

“ఇది మగ్గం మీద అయ్యే పని కాదు. జారిన చోటల్లా సూదితో ఒక్కొక్క పోగూ ఎత్తి అల్లినారు. ఎవరితో చేయించినావు?”

ఉమారాణి కిటికీ వైపు చూసింది. నబీసాబ్ కూర్చునే పీట ఇంకా అక్కడే ఉంది. గంటల తరబడి చూసిన ఆ వీపూ, కొంచెం కొంచెంగా కదిలే కుడి మోచెయ్యీ గుర్తొచ్చాయి.

పీట దగ్గరికి వెళ్లి నిలబడింది.

“అన్నా, నబీసాబు నీ దగ్గరికి రాకముందు ఏం పని చేసేటోడు?”

“హిందూపురంలో రఫ్ఫు పని” అన్నాడు గోవిందప్ప చీర మడత పెడుతూ. “చినిగిన పట్టును ఆయప్ప అల్లినాడంటే, నేసినోళ్లకు గూడా జాడ దొరికేది కాదంట.”