పిడి పైకే ఉండాల

“ఆ తీగ కత్తిరించన్నా. బకెట్టు కనపడల్యా,” అంది మైమూనా.

శాంసన్ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పోయే రోడ్డు పక్కన నర్సరీ పెట్టి ఎంతో మందిని చూశాడు గానీ, కుండీ కనపడాలని పోట్లాడే మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు.

“కనపడకూడదనే గదమ్మా తీగ పెట్టింది. నడిమధ్యన ఎత్తుగా క్రోటన్. దాని చుట్టూ గుబురుగా బిళ్ళగన్నేరు. అంచుల్లో గడ్డిగులాబీ, మనీప్లాంటు కిందికి జారాల. అప్పుడు బకెట్టు మాయమై మొక్కలే మిగుల్తాయి. అందమంటే అది.”

“పక్కలకు జారనీ. ముందర వద్దు. పిడి కూడా పైకే ఉండాల.”

“పిడి దేనికి? పీకి పారేస్తే పోతుంది.”

“పీకితే ఇంకో నర్సరీకి పోతా.”

శాంసన్ గొణుక్కుంటూనే పిడిని పైకి లేపి, మట్టిలో గుచ్చిన వెదురు పుల్లకు కట్టాడు. ఇన్నేళ్ల పనితనం మీద మట్టి పోసినట్టే అనిపించింది అతనికి.

ఆమె పంతం ఎక్కడిదో అతనికి తెలియక కాదు. వాళ్ల కాలనీలో పార్కుకని వదిలిన స్థలంలో మాజీ కౌన్సిలర్ సంజీవయ్య ఇసుక, ఇటుకలు దింపుకుని గేటుకు తాళం వేశాడు. ఆడుకునే చోటు లేక పిల్లలు రోడ్డెక్కారు. మైమూనా కొడుకును మోటారు సైకిల్ గుద్ది చెయ్యి విరిగింది. ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఆమె అడగబోతే సంజీవయ్య కుర్చీలోంచి కదలనైనా లేదు.

“పార్కు కావాల్నా? మీ ఆయన గోడలకు రంగులేసేటోడే గదా. ఇంట్లో ఖాళీ బకెట్లు ఉంటాయి. వాటిలో పెంచుకో పో,” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

మైమూనా నవ్వలేదు. మొగుడు అబ్దుల్లా మిద్దె మీద పేర్చిన తెల్ల బకెట్లన్నీ దించింది. మీది కాగితాలు గీకేసి, అడుగున బెజ్జాలు కొట్టించి శాంసన్ దగ్గరికి తెచ్చింది.

“ఆయన నోట్లోంచి వచ్చిందే బకెట్టు. అది ఆకుల చాటున దాక్కుంటే ఎట్లన్నా? చూసినోళ్లకు గుర్తుండాల.”

ఒళ్లు మండిపోతున్న తల్లికి అందం గురించి పాఠాలు చెప్పడం దండగ. శాంసన్ కత్తెర ఆడించాడు.

ఒక బకెట్ మొక్కల నుంచి తుంచిన కొమ్మలు నాలుగు వాకిళ్లకు వచ్చాయి. నీడ పడే వాకిట్లో కోలియస్, ఎండ కాసే వాకిట్లో బంతి. మొక్కలు ఎవరి ఇష్టం వాళ్లది. బకెట్ మాత్రం అందరికీ తెల్లదే, పిడి పైకే. మట్టి కుండీ కొనుక్కుంటానన్న పక్కింటి విజయమ్మతో మైమూనా రెండు రోజులు మాట్లాడలేదు.

చూస్తూ చూస్తూ కాలనీ పెళ్లిపందిరిలా తయారయింది. అది సంజీవయ్య కంట పడింది. ఊరంతా ఉన్నది తన గేటు ముందు లేకపోతే ఆయనకు నిద్ర పట్టదు. శాంసన్‌కు కబురు పెట్టాడు.

“మాకు మంచి పింగాణీ కుండీలో పెట్టప్పా.”

అక్కడే ఉన్న మైమూనా అడ్డుపడింది. “కాలనీ అంతా ఒకే తీరు సార్. మీకు వేరేగా పెడితే మిమ్మల్ని వెలేసినట్టుంటాది.”

“అట్లయితే బకెట్టే పెట్టు. నేను చెప్పిందే గదా ఇది,” అని మురిసిపోయాడు సంజీవయ్య. భార్య జయలక్ష్మమ్మను బకెట్ పక్కన నిలబెట్టి ఫోటో తీయించాడు. “ఈసారి వార్డు ఆడోళ్లకు వచ్చింది శాంసనూ. ఈమెను నిలబెడ్తాండా. పోటీకి ఎవరన్నా వచ్చినా ఈడ ఒక్క గోడకు కాగితం అంటించనిస్తానా?”

మైమూనా వంగి, పక్కకు ఒరిగిన పిడిని సరిచేసింది.

వానలు వెనకబడినా బకెట్లు ఎండలేదు. శాంసన్ కూడా ఆ తెల్ల బకెట్లకు అలవాటు పడ్డాడు. అట్లాంటి రోజున సంజీవయ్య ఫోన్ చేశాడు.

“ఆటో తీసుకుని బేగా రా. కాలనీలో ఒక్క బకెట్టు మిగలకూడదు. ఎంతయితే అంత ఇస్తా.”

“ఏమైందన్నా? మంచి పూత మీద ఉండాయి.”

“పూత కాదు, నా పిండాకూడు. రా ముందు.”

శాంసన్ పోయేసరికి సంజీవయ్య వీధి నడుమ చెమటలు కక్కుతున్నాడు. ప్రతి గేటు ముందూ ఒక ఆడమనిషి నిలబడి ఉంది. విజయమ్మ అయితే బకెట్‌ను ఒళ్లోకే తీసుకుని కూర్చుంది.

“నా వాకిలి, నా మట్టి, నా మొక్క. చెయ్యేసి చూడు,” అంది.

“పార్కు తాళం ఇచ్చేస్తా తల్లీ. తీసేయండి.” సంజీవయ్య గొంతు దిగింది.

“తాళం మేమే తీసుకుంటాంలే సార్,” అంది మైమూనా.

సంజీవయ్య కసికొద్దీ తన గేటు ముందున్న బకెట్‌ను తన్నబోయాడు. జయలక్ష్మమ్మ నీళ్ల చెంబుతో అడ్డం వచ్చింది. “పెంచింది నేను. దాని జోలికి రావద్దు.”

ఆయన కాలు దించి, ఇటుకల కుప్ప వైపు నడిచాడు.

శాంసన్ మైమూనా పక్కకు చేరాడు. “ఏందమ్మా, మొక్కల మీద ఇంత పగ?”

“పొద్దున మున్సిపల్ ఆఫీసులో ఓట్లకు నిలబడినోళ్లకు గుర్తులిచ్చినారన్నా. నాకూ అడిగిందే ఇచ్చినారు.”

“నీకా? ఏం గుర్తు?”

“బకెట్టు.”