పన్నెండో జత

“పన్నెండుకు పదకొండే అయినయి సార్. ఆ కెప్టెన్ పోరడు సంతకం పెట్టనంటున్నడు.”

రాజేశం కాగితాల కట్టను బల్లమీద ఉంచి, అపరాధివలె చేతులు కట్టుకొని నిలుచున్నాడు. మేనేజరు ప్రేమానందం కళ్ళజోడును నుదుటిమీదికి నెట్టుకొన్నాడు.

“పదకొండుతో పనవ్వదయ్యా. టీమంటే ఫుల్ టీమే. కఫీల్ గారు పన్నెండన్నారు, పన్నెండూ కావాలి.”

సౌదీలో జుబైల్ బజారులోని ఆ బూట్ల కొట్టు, ఊరిలోని ఒక కాలేజీ వాలీబాల్ జట్టుకు ఉచితంగా బూట్లిచ్చి పోషించ సంకల్పించింది. యజమానియైన కఫీల్ జన్మలో బంతి ముట్టి ఎరుగడు. ఆ ఏడు పరదేశి పనివారి తలకింతని సర్కారుకు కట్టే లెవీ పెరిగింది. దానికి తోడు నితాకాత్ లెక్కలో కొట్టు ఎరుపులో పడింది. పరదేశీయుల సంఖ్యకు తగినంతమంది సౌదీలు కొలువులో లేని కొట్టుకు పడే శిక్ష ఆ ఎరుపు. అది తొలగనంతవరకు అక్కడి పరదేశి ఇకామా, అనగా ఆ దేశంలో ఉండే అనుమతి, పునరుద్ధరింపబడదు. రాజేశం ఇకామాకు మిగిలినవి ఇరవై రోజులు.

“మళ్ళీ చెబుతున్నా విను,” అన్నాడు ప్రేమానందం. “టీమ్ మన బూట్లేసుకుని ఆడితే పబ్లిసిటీ. పబ్లిసిటీ వస్తే బిజినెస్. బిజినెస్ వస్తే రియాద్ బ్రాంచిలో సౌదీ కుర్రాళ్ళని పెట్టుకుంటాం. గ్రీన్ అవుతాం. నీ ఇకామా రెన్యూ అయిపోద్ది. అర్థమైందా?”

“సమజైంది సార్. నా ఇకామా ఆ పోరని కాళ్ళల్ల ఉన్నది.”

“అద్గదీ!”

“ఒక్క తిప్పలున్నది సార్. మనకొచ్చిన పన్నెండు జతలు నలభై రెండు సైజే. ఆ పోరని కాలు నలభై ఐదు.”

“సైజు సంగతి తర్వాత చూద్దాంలే. ముందు సంతకం, గుర్తింపు కార్డు జిరాక్స్. జిరాక్స్ మర్చిపోయావంటే ఊరుకోను!”

పాదుకలకు పట్టం గట్టి కొలిచిన జాతివాడు గనుక, రాజేశం పన్నెండో జత పెట్టెను రెండు చేతులా పొదివి పట్టుకొని, సాయంకాలపు అసర్ నమాజు ముగిసిన వేళకు కాలేజీ మైదానం చేరాడు. అక్కడ జట్టు రెండుగా చీలి వాదులాడుకొంటున్నది.

“నీ ఒక్కడి మొండితనానికి మా అందరి బూట్లూ పోవాలా?” అని ఒకడు కెప్టెన్ ఫైసల్ మీదికి వచ్చాడు.

“ఉచితమంటే కొండచిలువనైనా కాళ్ళకు చుట్టుకొంటారా మీరు?” అన్నాడు ఫైసల్. “నేను కాలేజీ మనిషిని. కొట్టు మనిషిని కాను. నా బూట్లు మా అన్న తన తొలి జీతంతో కొన్నవి. వాటితోనే ఆడతాను.”

ఆ తొలి జీతపు బూటు ముందుభాగం అప్పటికే నోరు తెరుచుకొని ఉన్నది. రాజేశం దానివంక చూసి నవ్వాడు. అతడు పలికేవి అరబ్బీ మాటలే గాని, యాస జగిత్యాలది.

“కెప్టెన్, నీ బూటు ఆకలైతుందంటున్నది. ఇటియ్యి.”

జేబులోనుండి సూది, మైనపు దారం తీసి అక్కడే కూర్చున్నాడు. చిరిగిన అట్టను గట్టిగా కుట్టాడు. పెట్టెలోని కొత్త బూటునుండి కొట్టు గుర్తైన ఎర్రని అడుగుజాడను కోసి, పాత బూటు పక్కన అతికించి కుట్టాడు. రెండో బూటుకూ అట్లే చేశాడు.

“మీ అన్న బూట్లు నీకున్నయి. గుర్తు కొట్టుకున్నది. ఇగ లొల్లి లేదు.”

ఫైసల్ వాటిని తొడుగుకొని రెండుసార్లు ఎగిరి చూశాడు.

“యా సదీక్, ఓ నేస్తమా, ఈ బూట్ల కోసం నీకెందుకింత ఆరాటం?”

“ఇరవై రోజులల్ల నా ఇకామా అయిపోతది. అయితే ఇంటికే. మా ఊర్ల నా బిడ్డ సృజన కాలేజీల చదువుతున్నది. అది గూడ కెప్టెనే, కబడ్డీకి.”

“ఆమె ఏ కంపెనీ బూట్లతో ఆడుతుంది?”

“కబడ్డీకి బూట్లెందుకు? ఉత్తకాళ్ళే!”

ఫైసల్ పగలబడి నవ్వి, కలం అందుకొన్నాడు. సంతకం చేసి గుర్తింపు కార్డు నకలును కూడా చేతికిచ్చాడు.

“ఇది నీకోసం. కొట్టుకోసం కాదు.”

జట్టు రెండవ ఆటలోనే ఓడిపోయింది. వేళ్ళు బొబ్బలెక్కిన పదకొండు మంది నలభై రెండో సైజును శపించారు. కొట్టులో జట్టు బొమ్మ ఒక్కటైనా వేలాడలేదు, కొనేవాడొక్కడు పెరగలేదు. అయినా గడువుకు రెండు రోజుల ముందే కొట్టు పచ్చబడింది.

“రియాద్‌లో పన్నెండు మంది కుర్రాళ్ళు జాయినయ్యారయ్యా!” అని ప్రేమానందం కొత్త ఇకామాను చేతిలో పెట్టగా, రాజేశం దానిని కళ్ళకద్దుకొన్నాడు. ఆ పన్నెండు మంది పిల్లలూ పదికాలాలపాటు చల్లగా ఉండాలని మనసులోనే దేవునికి మొక్కుకొన్నాడు.

ఏడాది గడిచింది. ఒకనాడు మధ్యాహ్నపు జుహర్ నమాజుకు దించిన షట్టరును ఎత్తుతుండగా, గుమ్మం ముందు ఎర్రని అడుగుజాడలున్న పాత బూట్లు కనబడ్డాయి. రాజేశం తలెత్తాడు.

“కెప్టెన్! కుట్లు ఊడినయా?”

“కుట్లు గట్టివే.” ఫైసల్ ముఖాన నవ్వు లేదు. అతని చంకలో డిగ్రీ కాగితాల ఫైలు ఉన్నది. “చదువైపోయింది. ఎక్కడా ఉద్యోగం రాలేదు. నిరుద్యోగులకిచ్చే భృతికైనా దరఖాస్తు పెట్టుకొందామని పోతే, దానినీ తిప్పికొట్టారు.”

“ఎందుకట?”

“నేను నిరుద్యోగిని కానట. ఏడాదిగా ఒకచోట కొలువు చేస్తున్నట్లు వారి కంప్యూటరులో ఉన్నదట.”

“ఎక్కడ?” అన్నాడు రాజేశం, అమాయకంగా.

ఫైసల్ చూపుడువేలు రాజేశం తలమీది కొట్టు పేరు బోర్డువైపు లేచింది.